పేపర్లు ఎన్ని, తెలిసిందెంత?



ఈ మధ్య ఏ యూనివర్సిటీ క్యాంటీన్‌లో కూర్చున్నా రీసెర్చి స్కాలర్ల నోట ఒక ప్రశ్న వినిపిస్తుంది. "నీకెన్ని పడ్డాయి?" పడ్డవి దెబ్బలు కావు లెండి, పేపర్లు. పత్రికల్లో అచ్చయిన పరిశోధన పత్రాలన్నమాట. దాని వెనకే ఇంకొకటి: "స్కోపస్‌లో ఉన్న పత్రికేనా?" స్కోపస్ అంటే పరిశోధన పత్రికల అంతర్జాతీయ జాబితా. ఏ విషయం మీద పని చేస్తున్నావు, అందులో ఏం తేలింది అన్న ప్రశ్న మూడోదిగా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించేలోగా కనీసం ఒక పత్రం అచ్చు కావాలని 2009లో యూజీసీ నియమం పెట్టింది. మరుసటి ఏడు అధ్యాపకుల పదోన్నతికి పాయింట్ల పట్టిక వచ్చింది. పత్రానికిన్ని, పుస్తకానికిన్ని, సదస్సులో మాట్లాడితే ఇన్ని. 2016 నుంచి కేంద్రం ఎన్‌ఐఆర్‌ఎఫ్ పేరుతో విద్యాసంస్థలకు ర్యాంకులు ఇస్తోంది. విశ్వవిద్యాలయాలకైతే అందులో నూటికి ముప్పై పాళ్లు పరిశోధనకే. ఆ ముప్పైలో పత్రాల సంఖ్యదీ, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్కదీ పెద్ద వాటా. కళ్లంలో బస్తాలు లెక్కపెట్టుకుని, లోపల గింజ ఉందో తాలు ఉందో చూడకుండా ఇంటికి తోలుకుపోయినట్టుంది వ్యవహారం.

అందుకని ఇవాళ మనకు దగ్గరి విశ్వవిద్యాలయాన్ని ఒకదాన్ని తీసుకుని మూడో ప్రశ్న అడుగుదాం. దాని పరిశోధన వల్ల మనకు ఏం తెలిసింది? నేను ఎంచుకున్నది ఆంధ్ర విశ్వకళాపరిషత్తు.

నూరేళ్ల ప్రాయం దానిది. 1926లో చట్టం వచ్చింది. మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. బెజవాడలో కొన్నాళ్లుండి 1930లో విశాఖపట్నంలోని వాల్తేరు చేరింది. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపాధ్యక్షులయ్యాక అసలు హడావిడి మొదలైంది. దేశం నలుమూలల నుంచి పాతికా ముప్పై ఏళ్ల కుర్రవాళ్లను ఏరి తెచ్చారాయన. తత్వశాస్త్రం చెప్పడానికి హుమాయూన్ కబీర్, చరిత్ర చెప్పడానికి హిరేన్ ముఖర్జీ వచ్చారంటే చూసుకోండి. సైన్సు కాలేజీ జయపురం సంస్థానం విరాళంతో నిలబడింది. అక్కడి రాజా విక్రమదేవవర్మగారి పేరే దానికి పెట్టారు. ఆ కాలేజీకి వచ్చినవాళ్లలో ఇద్దరిని గుర్తుపెట్టుకోండి. ఒకరు రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి, ఇంకొకరు భౌతికశాస్త్రానికి సూరి భగవంతం. శేషాద్రిగారిది తమిళదేశం. భగవంతంగారు కృష్ణాజిల్లా ఆగిరిపల్లివారు, కలకత్తాలో సి.వి. రామన్‌గారి దగ్గర తయారైనవారు.

ముందు శేషాద్రిగారి ల్యాబు సంగతి. ఆయన ఇంగ్లండులో మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ అనే మహా రసాయనవేత్త దగ్గర చదువుకుని వచ్చారు. ఆ రాబిన్సన్‌కు తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది. అక్కడి ల్యాబుతో పోల్చుకుంటే 1933 నాటి వాల్తేరులో ఏముంటుంది? ఖరీదైన రసాయనాలు సీమ నుంచి ఓడలో రావాలి. అయితే ఒకటి మాత్రం కావలసినంత ఉంది. చెట్టూ చేమా. ఆయన చూపు దాని మీద పడింది.

పువ్వుకు పసుపు రంగు ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్లేవనాయిడ్లు అని ఒక జాతి పదార్థాలున్నాయి. పూలలో, ఆకుల్లో, బెరడులో, పండ్లతొక్కల్లో ఉంటాయి. శేషాద్రిగారూ, వారి శిష్యులూ పత్తిపూలు తెచ్చారు. గోగుపూలు తెచ్చారు. మనం ఆకు కోసుకుని పచ్చడి చేసుకునే గోగే. ఆ పూల నుంచి వేరుచేసిన పదార్థానికి కన్నాబిసిట్రిన్ అని పేరు పెట్టి 1940ల మొదట్లో పత్రం అచ్చు వేశారు. ఆ మొక్క శాస్త్రీయనామంలో కన్నాబినస్ అన్న ముక్క ఉంది, అక్కడి నుంచి వచ్చింది పేరు. కానుగ గింజల్లో ఉండే పొంగమోల్ నిర్మాణం మీద పని చేశారు. జిల్లేడును పరీక్షించారు. చూశారుగా, ఇవన్నీ మన ఇళ్ల వెనకా, చేలగట్ల మీదా ఉండేవే.

ఎలా చేసేవారంటే, పూలు బుట్టలకొద్దీ తెచ్చి, ఎండబెట్టి, స్పిరిటులో నానబెట్టి మరిగించేవారు. వడకట్టిన రసాన్ని దగ్గరికి చేస్తే, అదృష్టం బాగుంటే, అడుగున స్ఫటికాలు తేలతాయి. కిలోలకొద్దీ పూలకు చిటికెడు. ఆ చిటికెడు పొడిలో అణువులు ఎలా అమరి ఉన్నాయో కనుక్కోవాలి. ఇప్పుడైతే యంత్రంలో పెడితే పూట తిరిగేలోగా బొమ్మ వస్తుంది. అప్పుడు దాన్ని క్షారంతో ముక్కలు చేసి, ఆ ముక్కలు ఏమిటో గుర్తుపట్టి, వెనక్కి ఊహించి, చివరికి అదే పదార్థాన్ని మామూలు రసాయనాల నుంచి తిరిగి తయారుచేసి, రెండూ ఒకటేనని చూపించాలి. ఈ పనిలో వాల్తేరు బృందం ఎంత చేయి తిరిగినదయిందంటే, మొక్క తన లోపల ఒక రంగు నుంచి ఇంకో రంగును ఏ క్రమంలో తయారుచేసుకుంటుందో ఊహించి, ఆ క్రమాన్ని గాజుసీసాలో నడిపించి చూసేదాకా వెళ్లింది. శేషాద్రిగారికి 1960లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. అప్పటికి ఆయన ఢిల్లీ వెళ్లి పదేళ్లు దాటింది కానీ, పునాది వేసింది ఇక్కడే.

మధ్యలో యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది. యూనివర్సిటీ మూటాముల్లె సర్దుకుని గుంటూరు వెళ్లింది. గాజుసామాను బండ్లకెత్తి తరలించడం మాటలా? అయినా ఆ ఏళ్లలోనూ పత్రాలు అచ్చవుతూనే ఉన్నాయి.

యుద్ధం ముగిశాక, 1946లో, శేషాద్రిగారు జి.వి. కృష్ణమూర్తి అనే సహచరుడితో కలిసి ఒక చిన్న పత్రం అచ్చు వేశారు. నేల ఉసిరిలోని చేదు పదార్థం గురించి. ఆ పదార్థం పేరు ఫిల్లాంథిన్. నేల ఉసిరి తెలియనివాళ్లు మనలో ఉండరు. పచ్చకామెర్లకు పసరు పోస్తారే, అందులో ఎక్కువగా వాడేది. చేదెక్కడిదో తేలింది కానీ, అణువు నిర్మాణం అప్పట్లో పూర్తిగా విడివడలేదు. 1960లలో అదే వాల్తేరులో, ఎల్. రామచంద్రరావుగారి బృందం ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే రెండింటి నిర్మాణాన్నీ విడదీసింది. రామచంద్రరావుగారు శేషాద్రిగారి శిష్యులే. మొదటి పత్రానికీ, ఈ పనికీ మధ్య దాదాపు ఇరవై ఏళ్లు. ఈనాటి పాయింట్ల పట్టికలో ఆ ఇరవై ఏళ్లకు మార్కులెన్నో మీరే ఆలోచించండి.

నేల ఉసిరి కథ అక్కడితో ఆగలేదు. మనం ఫిల్లాంథస్ నిరూరి అని పిలుచుకున్న మొక్క నిజానికి అమెరికా ఖండపు మొక్క అనీ, మన చేలల్లో ఎక్కువగా ఉన్నది ఫిల్లాంథస్ అమారస్ అనీ వృక్షశాస్త్రజ్ఞులు తర్వాత తేల్చారు. 1988లో మద్రాసు పరిశోధకులు దాన్ని హెపటైటిస్-బి వైరస్ ఉన్నవాళ్లకు ఇచ్చి, సగానికి పైగా మందిలో వైరస్ ఆనవాళ్లు పోయాయని లాన్సెట్ పత్రికలో రాశారు. ప్రపంచమంతా ఆశపడింది. ఆ తర్వాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. కాబట్టి శ్రోతలారా, కామెర్లు వస్తే డాక్టరు దగ్గరికే వెళ్లండి. నా ప్రసంగం విని ఎవరూ చేలో నేల ఉసిరి పీకవద్దు. పాపం ఆ మొక్క తప్పేమీ లేదు. మందు కావాలంటే ల్యాబులో చేదు దొరికితే చాలదు, ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పరీక్షలు నిలబడాలి. అది వేరే రకం సంస్థలు చేయవలసిన పని.

ఇక సముద్రం. వాల్తేరు మిట్ట మీద ఏ కిటికీ తెరిచినా సముద్రమే కనిపిస్తుంది. అయినా తొలి ఇరవై ఏళ్లలో దాన్ని కొలిచే పని పెద్దగా జరగలేదు. జరిపించినవాళ్లలో ముఖ్యులు భూగర్భశాస్త్రం ప్రొఫెసర్ సి. మహదేవన్. ఈయన కూడా కలకత్తాలో రామన్‌గారి దగ్గర పని చేసి, హైదరాబాదు సంస్థానం భూగర్భశాఖలో ఉద్యోగం చేసి వచ్చినవారే. 1948లో విశాఖ తీరపు ఇసుకలో మోనజైట్ ఉందని శ్రీరామదాస్‌గారితో కలిసి పత్రం వేశారు. మోనజైట్ అంటే థోరియం ఉండే ఖనిజం. తీరంలో అక్కడక్కడా నల్లటి ఇసుక చారలు కనిపిస్తాయి చూడండి, భీమిలి వైపు వెళ్తే బాగా కనిపిస్తాయి. ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలవి. తూర్పు కనుమల్లోని ఖోండలైటు రాళ్లూ, చార్నొకైటు రాళ్లూ శిథిలమై, వాగుల్లో కొట్టుకొచ్చి, అలలు తేలిక ఇసుకను ఊడ్చుకుపోతే మిగిలినవి. ఇవాళ బీచ్ శాండ్ అని పేపర్లలో వచ్చే గొడవలన్నిటి వెనకా ఉన్నది ఈ నల్ల ఇసుకే.

మహదేవన్‌గారు ఉండగానే, 1952లో, అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్రశాస్త్రజ్ఞుడు ఫుల్‌బ్రైట్ ప్రొఫెసర్‌గా వచ్చారు. శాన్ డియేగోలోని అమెరికా నౌకాదళపు ల్యాబులో పని చేసే మనిషి. ఇక్కడ అప్పటికి సముద్రశాస్త్రం అనే చదువే లేదు. భూగర్భం నుంచి కొందరు, జంతుశాస్త్రం నుంచి కొందరు, భౌతికశాస్త్రం నుంచి కొందరు పోగయ్యారు. మన నౌకాదళం ఓడలు ఇచ్చింది. చదువుకుంటూనే కొలవడం, కొలుస్తూనే నేర్చుకోవడం. 1954లో, మళ్లీ 1958లో విశ్వవిద్యాలయమే ఆ ఫలితాలను సంపుటాలుగా వేసింది.

ఎలా కొలిచేవారో కొంచెం చెప్పాలి. నాన్సెన్ సీసా అని లోహపు గొట్టం ఉంటుంది. రెండు చివరలా తెరిచి, తీగకు కట్టి నీళ్లలోకి దించుతారు. కావలసిన లోతుకు చేరాక పైనుంచి తీగ వెంబడే ఒక చిన్న బరువు వదులుతారు. అది జారుతూ వెళ్లి సీసాను తగలగానే సీసా తలకిందులై మూతలు పడిపోతాయి. ఆ లోతులోని నీరు అందులో చిక్కుతుంది. పక్కనే ఉన్న థర్మామీటరు కూడా తిరగబడి, పాదరసం తెగి, ఆ లోతులో ఎంత వేడి ఉందో అక్కడే ఆగిపోతుంది. పైకి లాగి చదువుకోవాలి. ఓడ ఊగుతుండగా, తీగ ఏటవాలుగా పోతుండగా, కడుపులో తిప్పుతుండగా.

దాంతో ఏం తెలిసిందంటే, మార్చి నుంచి మే దాకా మన తీరం దగ్గర సముద్రం పైనీరు బాగా వెచ్చగా ఉండవలసిన కాలంలో, అడుగు నుంచి చల్లటి, ఉప్పు ఎక్కువున్న నీరు పైకి వస్తోంది. కారణం గాలి. అప్పుడు గాలి నైరుతి నుంచి తీరం వెంబడి వీస్తుంది. మన తీరం కూడా నైరుతి నుంచి ఈశాన్యానికే సాగుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల, మన ఉత్తరార్ధగోళంలో, గాలి తోసిన పైనీరు నేరుగా పోక కుడివైపుకు మళ్లుతుంది. కుడివైపు అంటే ఒడ్డుకు దూరంగా, లోపలికి. ఒడ్డు దగ్గర ఖాళీ అయిన చోటును నింపడానికి కింది నీరు లేస్తుంది. ఆ నీటితో పాటు అడుగున పేరుకున్న పోషకాలు వస్తాయి, వాటి మీద కంటికి కనిపించని నాచు పెరుగుతుంది, దాని వెనక చేప వస్తుంది. శీతకాలం ముందు, అక్టోబరు, నవంబరుల్లో, అంతా తిరగబడుతుంది. ప్రవాహం దక్షిణానికి మళ్లుతుంది, గంగా, మహానది, గోదావరులు తెచ్చిన మంచినీరు పైన తేలుతుంది, ఒడ్డు దగ్గర నీరు కిందికి దిగుతుంది.

ఇవాళ హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహం నుంచి సముద్రం వేడినీ, నాచు రంగునూ చూసి, ఫలానా చోట చేప ఉండే అవకాశముందని మత్స్యకారుల ఫోన్లకు సమాచారం పంపుతోంది. దాని వెనక ఉన్న ఆలోచన ఇదే: ఎక్కడ చల్లటి నీరు లేచిందో అక్కడ మేత, ఎక్కడ మేత ఉందో అక్కడ చేప. బంగాళాఖాతం పడమటి ఒడ్డున ఈ లెక్కను మొదట సీసాలతో కొలిచిన చోట్లలో వాల్తేరు ముందుంటుంది. అక్కడ చదివినవాళ్లు చాలామంది తర్వాత 1966లో మొదలైన, ఇప్పుడు గోవాలో ఉన్న జాతీయ సముద్రశాస్త్ర సంస్థలో చేరారు.

లాఫాండ్‌గారి పేరుతో ఇంకో సంగతుంది. 1960లలో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన జరిగినప్పుడు, మన తీరానికి దూరంగా సముద్రగర్భపు వాలులో లోతైన లోయలు కనిపించాయి. నీటి కింద ఉన్న కనుమలు అనుకోండి. వాటికి ఆయన పెట్టిన పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మన ప్రొఫెసర్‌గారి పేరు సముద్రం అడుగున పటంలో ఉందని విశాఖలో ఎంతమందికి తెలుసో!

ఒడ్డుకు వద్దాం. రామకృష్ణా బీచి కోసుకుపోతోందని ఏటా వార్త వస్తుంది. 1954లోనే లాఫాండ్, ఆర్. ప్రసాదరావుగార్లు వాల్తేరు ఒడ్డు ఏ నెలల్లో కోసుకుపోతుంది, ఏ నెలల్లో మేట వేస్తుంది అని కొలిచి రాశారు. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. 1933లో రేవు తెరిచినప్పుడు ఆ దారికి అడ్డం పడింది. అప్పటి ఇంజనీర్లకూ ఇది తెలుసు. ఇసుక కాలువలోకి రాకుండా జానస్, వెలెడ్‌సెన్ అనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట చేశారు. రేవు కాలువ పూడకుండా బాగుపడింది, కానీ ఆగిన ఇసుక ఉత్తరాన ఉన్న బీచికి చేరదు కదా. అందుకే రేవువాళ్లు తవ్విన ఇసుకను గొట్టాల ద్వారా బీచి మీద పోస్తుంటారు. తర్వాత వెలుపలి రేవు వచ్చి గోడలు సముద్రంలోకి ఇంకా ముందుకు సాగాయి. ఇవాళ ఎంత పోయింది, ఎంత పోయాలి అని తేల్చాలంటే పోల్చుకోవడానికి పాత కొలత కావాలి. ఆ పాత కొలత ఒక ప్రాంతీయ విశ్వవిద్యాలయం సొంతంగా అచ్చు వేసుకున్న సంపుటంలో ఉంది.

అదే ఇసుకను జంతుశాస్త్రం వాళ్లు ఇంకో కన్నుతో చూశారు. పి.ఎన్. గణపతిగారి బృందం తడి ఇసుక రేణువుల మధ్య సందుల్లో బతికే జీవులను వెతికింది. మిల్లీమీటరు కూడా ఉండవు అవి. పిల్లలు గుజ్జనగూళ్లు కట్టుకునే ఇసుకలో, గుప్పెడు తీస్తే, లెక్కలేనన్ని. విశాఖ రేవులో కొయ్యను తొలిచే జీవులనూ, ఓడల అడుగుకు పట్టే జీవులనూ వాళ్లే వరసపెట్టి రాశారు.

ఇంతసేపూ నేను చెప్పినవన్నీ స్థానికమైన విషయాలు. మన పువ్వు, మన ఇసుక, మన సముద్రం. ప్రాంతీయ విశ్వవిద్యాలయం పని ఇంతేనా, పెద్ద సిద్ధాంతాల జోలికి పోకూడదా అని మీరు అడగవచ్చు. భగవంతంగారి పుస్తకం దానికి జవాబు. రామన్ ప్రభావం అంటే, పదార్థం మీద పడిన కాంతి చెదిరేటప్పుడు కొంత రంగు మారుతుంది. ఆ మార్పును బట్టి లోపల అణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుస్తుంది. ఒక స్ఫటికంలో ఎన్ని రకాల కంపనాలుండాలి, వాటిలో రామన్ గీతలుగా కనిపించేవి ఎన్ని? ప్రయోగం చేయకముందే, స్ఫటికం సౌష్ఠవాన్ని చూసి, కాగితం మీద చెప్పగల పద్ధతిని భగవంతం, టి. వెంకటరాయుడు 1939లో ఇచ్చారు. ఒకరిది భౌతికశాస్త్రం, మరొకరిది గణితం. ఇద్దరూ కలిసి రాసిన గ్రూప్ సిద్ధాంతం పుస్తకాన్ని 1948లో విశ్వవిద్యాలయమే వాల్తేరులో వేసింది. దాన్నే ఇరవై ఏళ్ల తర్వాత విదేశీ ప్రచురణకర్తలు మళ్లీ అచ్చు వేశారు. చిన్న క్యాంపస్ కావడం ఇక్కడ కలిసివచ్చిందని నా అనుమానం. గణితం వాళ్లూ భౌతికం వాళ్లూ ఒకే మెట్లెక్కే చోట ఇలాంటి జంటలు తేలిగ్గా కుదురుతాయి.

స్వామి జ్ఞానానందగారి గురించి ఒక్క మాటైనా చెప్పకపోతే భీమవరంవాళ్లు ఊరుకోరు. ఆ పక్క ఊళ్లో పుట్టి, హిమాలయాల్లో తపస్సు చేసి, జర్మనీ వెళ్లి, అక్కడ భౌతికశాస్త్రం మీద మనసుపడి, ప్రాగ్‌లో డాక్టరేటు తీసుకుని, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర పని చేసి, 1950లలో వాల్తేరు వచ్చి అణుభౌతిక విభాగం పెట్టారు. కాషాయం కట్టుకునే. అది వేరే ప్రసంగం.

అలాగని ఆ రోజులన్నీ స్వర్ణయుగమని నేననను. పాత సంపుటాలు తిరగేస్తే 'ఫలానా మొక్క రసాయన పరీక్ష' అన్న వరస పత్రాలు బోలెడు. మొక్క మారుతుంది, పద్ధతి మారదు. ఆడవాళ్ల పేర్లు వెతికి పట్టుకోవాలి. ఆ పరిశోధనలో ఒక్క ముక్క కూడా తెలుగులో రాలేదన్నట్టే ఉంటుంది. అయినా ఒక తేడా ఉంది. వాళ్లకు పత్రం అన్నది పని అయ్యాక మిగిలేది. ఇప్పుడు పత్రం కోసం పని వెతుక్కుంటున్నారు.

ఫలితం చూశాం. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. విశ్వవిద్యాలయాలు సిఫార్సు చేసిన పత్రికల్లో సుమారు వెయ్యింటిని పుణె పరిశోధకులు 2018లో పరీక్షిస్తే 88 శాతం పనికిరానివని తేలింది. అదే ఏడాది యూజీసీ తాను ఆమోదించిన పత్రికల జాబితా నుంచి 4,305 పత్రికలు తీసేసింది. కేర్ అని కొత్త జాబితా పెట్టి, 2025లో దాన్నీ వదిలేసింది. పీహెచ్‌డీకి పత్రం తప్పనిసరి అన్న నియమాన్ని 2022లోనే ఎత్తేశారు. నియమం పోయినా "నీకెన్ని పడ్డాయి" మాత్రం పోలేదు. అధ్యాపక పోస్టులు ఏళ్లతరబడి ఖాళీగా ఉండి, గెస్టు ఫ్యాకల్టీతో క్లాసులు నెట్టుకొచ్చే చోట, కొలవడానికి తేలిగ్గా దొరికేది సంఖ్య ఒక్కటే.

సంఖ్య లెక్కలో ఏం జారిపోతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, మనందరికీ సి.ఆర్. రావుగారు, వాల్తేరులో గణితం చదివి కలకత్తా వెళ్లారు. పాతికేళ్ల వయసులో, 1945లో, అక్కడి గణిత సంఘం బులెటిన్‌లో ఒక పత్రం వేశారు. నమూనా లెక్కల్లో తప్పు ఎంతకన్నా తగ్గదో చెప్పే క్రేమర్-రావు హద్దు అందులోదే. ఆ పత్రానికే 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఇచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్ల తర్వాత. ఊరి సంఘం నడిపే పత్రిక అది. ఇవాళ్టి స్కాలరు అలాంటి పత్రికకు పత్రం పంపుతానంటే గైడు ఏమంటారో ఊహించుకోవచ్చు. శేషాద్రిగారి పత్రాలూ బెంగళూరులో రామన్‌గారు పెట్టిన అకాడమీ పత్రికలోనే ఎక్కువగా వచ్చాయి. పత్రాలను ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క అమెరికాలో మొదలైంది 1960లలో. వాల్తేరు మంచి పని చాలా భాగం లెక్కపెట్టేవాళ్లు పుట్టకముందే జరిగింది.

మరి ఇప్పుడేం చేయాలి? నా దగ్గర ఉన్నది చిన్న ప్రతిపాదన. ఏటా మన విశ్వవిద్యాలయాల నుంచి వందల సిద్ధాంత గ్రంథాలు వస్తున్నాయి. శోధ్‌గంగ అనే జాతీయ భాండాగారంలో పెడుతున్నారు. ఎవరైనా చదవవచ్చు, ఇంగ్లీషు వస్తే. వాటిలో కొల్లేటి నీళ్ల మీద, ఉద్దానం కిడ్నీ జబ్బు మీద, అరకు కాఫీ మీద, రొయ్యల చెరువుల మీద చేసిన పని ఉంటుంది. ప్రతి గ్రంథానికీ చివర నాలుగు పేజీలు తెలుగులో ఉండాలి. ఏం అడిగాం, ఎక్కడ కొలిచాం, ఏం తేలింది, ఏం తేలలేదు. పదో తరగతి చదివిన రైతు, మత్స్యకారుడు చదవగలిగేట్టు. ఆ నాలుగు పేజీలు రాయలేకపోతే, తేలిందేమిటో రాసినవాళ్లకే తెలియదని అర్థం. వైవాలో బయటి నుంచి వచ్చే పరీక్షకులు ఇంగ్లీషు సంగతి చూసుకుంటారు. ఈ నాలుగు పేజీలు ఆ ఊరివాళ్ల ముందు పెట్టి చదివించాలి. రొయ్యల చెరువు మీద రాస్తే రొయ్యల రైతు అడిగే ప్రశ్నలు వైవా ప్రశ్నల కంటే గట్టిగానే ఉంటాయి.

ఈ మాట ఒక అధ్యాపక మిత్రుడితో అంటే, "దానికి పాయింట్లొస్తాయా?" అని నవ్వాడు. రావు, పట్టికలో ఆ గడి లేదు. అయితే యూజీసీ చెప్పేవి కనీస నిబంధనలేననీ, వాటి పైన ఇలాంటి షరతు చేర్చుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదనీ, యూనివర్సిటీ అకడమిక్ కౌన్సిల్ ఒక మధ్యాహ్నం కూర్చుని తీర్మానం చేస్తే చాలనీ కూడా ఆయనే చెప్పాడు.